పరలోకంలో ఉండెను

ఫిబ్రవరి 9, సోమవారం
ఈ రోజు నుంచి మానేశాను. ఎవరు ఏ ఇంగ్లీషు అచ్చు వేసుకున్నా, అందులో క్రియ ఏ కాలంలో ఏడ్చినా నాకు సంబంధం లేదు. ఎర్ర పెన్ను మా ఆవిడ ప్రేమమ్మకు అప్పగించాను. బియ్యం డబ్బాలో పడేసి మూత బిగించింది.

కారణం రాసి పెట్టుకోవాలి. లేకపోతే రేపే మరిచిపోయినట్టు నటిస్తాను.

పోయిన ఏడాది మా అత్తగారు నిర్మలమ్మ పోయినప్పుడు బామ్మర్ది స్వామిదాసు ఇంగ్లీషులో జ్ఞాపకార్థ కార్డు వేయించాడు. ‘షీ లవ్స్ అస్ ఆల్’ అట! పోయిన మనిషికి ‘లవ్స్’ ఏమిటి? ‘లవ్డ్’ కదా! ముడిమ్యాల చర్చి ముందు, భోజనాల వరసలో, అందరూ చూస్తుండగా కొట్టేసి దిద్దాను. మార్కులు కూడా వేశానని ప్రేమమ్మ చెప్పుకుంటోంది. అబద్ధం. కింద సంతకం పెట్టాను, అంతే. ఇంగ్లీషు మాస్టరుగా రిటైరైనా చేతికి అలవాటు పోదు.

అప్పటి నుంచి స్వామిదాసు మాతో మాట్లాడడు. క్రిస్మస్‌కు సొంత అక్కను కూడా పిలవలేదు. ఇప్పుడు తల్లి సమాధికి రాయి చేయించాడట. ఇరవై రెండున ప్రార్థనకు రమ్మని కబురు పెట్టాడు.

“ఆ దినం నువ్వు నోరు తెరిస్తే నాకు తల్లిగారిల్లు ఉండది. జర సోంచాయించుకో” అంది ప్రేమమ్మ.

ఆలోచించుకున్నాను. చాలా తేలిక.

ఫిబ్రవరి 10
అద్భుతం! ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. నిన్న జరిగిన ప్రతిదానికీ ‘హ్యాడ్’ తగిలించారు. చిరునవ్వుతో దాటేశాను. ఎన్నేళ్లకో పేపరులో వార్తలు కూడా ఉంటాయని తెలిసింది!

ఫిబ్రవరి 12
పంటి డాక్టరు కోసం ఇద్దరం మోకిల వెళ్లాం. దారిలో విల్లాలు అమ్మేవాళ్ల బోర్డు, తాటికాయంత అక్షరాలతో: ‘నేచర్ వజ్ హియర్’. ప్రకృతి ఇక్కడ ఉండేదట! ‘ఈజ్’ అనలేని సన్నాసికి...

ప్రేమమ్మ నా మొహమే చూస్తోంది.

“ఏం లేదు” అన్నాను.

చుట్టూ చూశాను. కంకర గుట్ట, జేసీబీ, మొదలు నరికిన జామచెట్లు. బోర్డులో తప్పు లేదు. ఈ చుట్టుపక్కల అచ్చైన ఒకే ఒక్క నిజం అది. నిర్ణయం క్షేమం.

ఫిబ్రవరి 14
పోస్టులో బాలరాజ్ ఆత్మకథ వచ్చింది, ఇంగ్లీషులో. బాలరాజ్ అంటే మొయినాబాద్ స్కూల్లో నాతో పాటు పనిచేసినవాడు, నాకు రావలసిన హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నవాడు. మొదటి వాక్యం: ‘ఐ యామ్ బార్న్ ఇన్ కనకమామిడి’.

ఇంకా పుడుతూనే ఉన్నాడు!

పెన్సిల్ తీశాను. పెన్సిల్ పెన్ను కాదు. మెత్తగా గీస్తే రబ్బరుతో పోతుంది. దీన్ని దిద్దడం అనరు, శ్రద్ధగా చదవడం అంటారు.

ఫిబ్రవరి 17
“పెన్సిల్ గింతైందేంది?” అంది ప్రేమమ్మ.

“నాసిరకం” అన్నాను.

సాయంత్రం బాలరాజ్‌కు ఫోన్ చేశాను. కేవలం అభినందించడానికి.

“ఎట్లున్నది సార్ పుస్తకం?”

“నువ్వెప్పుడు పుట్టినవ్ బాలరాజ్?”

“యాభై రెండుల.”

“పుట్టుడు అయిపోయిందా మరి?”

“నువ్వింకా సావలేదా సార్?” అని ఫోన్ పెట్టేశాడు.

ఆ ప్రశ్నలో కాలం మాత్రం సరిగ్గా ఉంది. ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 20
బియ్యం డబ్బా మూత తీశాను. బియ్యం ఎన్ని ఉన్నాయో చూద్దామని. పెన్ను క్షేమం. పురుగు పట్టలేదు. మళ్లీ లోపల పెట్టేశాను. వెంటనే కాదు.

ఫిబ్రవరి 22, ఆదివారం
అయిపోయింది. అంతా అయిపోయింది.

ముడిమ్యాల సమాధుల తోటకు వెళ్లగానే స్వామిదాసు ఎదురొచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. “అక్కా, ఏమన్న తిన్నవా?” అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత నా వైపు తిరిగాడు.

“మంచిగున్నవా బావా?”

“మంచిగున్న” అన్నాను. అక్కడితో నోటికి తాళం వేశాను.

రాయి మీది గుడ్డ తీశారు. నల్లరాయి, బంగారు అక్షరాలు. పాస్టరుగారు పైకి చదివారు: ‘నిర్మలమ్మ వజ్ అవర్ మదర్. షీ వజ్ విత్ ది లార్డ్. షీ వజ్ ఇన్ హెవెన్.’

పరలోకంలో ఉండెను! గతానికి భూతకాలం అని పేరు పెట్టినవాడు ఇలాంటి తోటలో నిలబడే పెట్టి ఉంటాడు. నాలుక కొరుక్కున్నాను. ప్రేమమ్మ గోళ్లు నా మోచేతిలో దిగాయి. ఆకాశం చూశాను. చెప్పులు చూసుకున్నాను.

“మా తల్లి ఈ దినం నీ సన్నిధిలో ఉన్నది ప్రభువా” అన్నారు పాస్టరుగారు.

“ఆమెన్” అన్నారు అందరూ.

“రాయి మీద అట్ల లేదు!” అన్నాను నేను.

కళ్లన్నీ తెరుచుకున్నాయి.

“ఏమంటున్నవ్ బావా?”

“‘వజ్’ అంటే ఒకప్పుడు ఉండె, ఇప్పుడు లేదని. అత్తమ్మను ఖాళీ చేయించనీకె పరలోకమేమన్న కిరాయి ఇల్లా?”

స్వామిదాసు మొహం నల్లబడింది.

“పోయినేడు ‘లవ్స్’ అని రాస్తే, సచ్చిపోయినామెకు ‘లవ్డ్’ రాయాలంటివి. మళ్ల నీతోని మాట పడొద్దని ఈసారి అన్నీ ‘వజ్’ పెట్టిచ్చిన. పక్కన నిలబడి చెక్కిచ్చిన. ఇప్పుడు గిట్లంటున్నవ్. మా అమ్మ ఉన్నదా లేదా? ఏదో ఒక్కటి జెప్పు బావా!”

జీవితమంతా పిల్లలకు ఈ కాలాలే చెప్పాను. ఏ పిల్లవాడూ ఈ ప్రశ్న అడగలేదు.

“ఉన్నది” అన్నాను.

అప్పుడు ప్రేమమ్మ అంది: “అమ్మే గిన ఇక్కడుంటే మీ ఇద్దరిని చీపురుతోని కొడుతుండె.”

ముందు పాస్టరుగారు నవ్వారు. తరవాత స్వామిదాసు, ఏడుస్తూనే.

వచ్చేటప్పుడు ఆటో దాకా వచ్చి, “రేపు మొయినాబాద్ రా బావా. రాయి తిప్పి వెనక దిక్కు చెక్కిద్దాం. మళ్ల తప్పు వస్తే కింద నీ పేరే పెట్టిస్త” అన్నాడు.

ఫిబ్రవరి 23
పొద్దున ప్రేమమ్మ తనే డబ్బాలోంచి పెన్ను తీసి, తౌడు తుడిచి ఇచ్చింది.

రాయి చెక్కే అంజిలయ్య కాగితం ఇచ్చాడు. స్వామిదాసు నా భుజం మీంచి చూస్తున్నాడు. ఒకే వాక్యం రాశాను: ‘షీ లవ్స్ అస్ ఆల్’.

చాలాసేపు చూశాడు.

“చివర ‘ఎస్’ ఉన్నది బావా.”

“ఉండనీ.”

స్వామిదాసు వెళ్లి చాయ్ తెచ్చాడు.

తాగుతూ తలెత్తితే అంజిలయ్య దుకాణం బోర్డు: ‘వి ఆర్ మేకింగ్ టూంబ్స్ సిన్స్ 1994’. ‘హ్యావ్ బీన్’ ఏదీ? పెన్ను జేబులోనే ఉంది. స్టూలు కూడా అక్కడే ఉంది. నేనెక్కితే అది కదలకుండా స్వామిదాసు పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 24
బోర్డు సంగతి తమ్ముడు అక్కకు చెప్పేశాడు. నిన్నటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. పెన్ను మళ్లీ బియ్యంలోకి వెళ్లింది.

“ఇగనన్న మానేస్తవా?” అంది ప్రేమమ్మ.

“మానేస్త” అన్నాను.

మన మాటలో దానికి ఇకమీదట మానేస్తాననీ అర్థమే, అప్పుడప్పుడూ మానేస్తుంటాననీ అర్థమే. ఆమె మొదటిది విన్నది. నేను రెండోది చెప్పాను.