ఒక్క శాతం తేడా

జూన్ 3, మంగళవారం

నేను గీసిన గీత నాలుగోసారి చెరిపేశారు. కిరణ్మయి మేడం తిట్టినా అండీ అనే తిడతారు, అందుకే ఇంకా మండుతుంది. ఇది గుండేనా అండీ, బెండకాయా, అని అడిగారు. పక్క సీట్లో, నాతోపాటే నేర్చుకుంటున్న మహేశ్ దగ్గు వచ్చినట్టు నటించాడు.

చెప్పుకుంటే చిన్న పని. ఎకో, అంటే గుండె స్కాన్, వీడియోలో గుండె ఎడమ గది నిండినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి, లోపలి అంచు వెంట మౌస్‌తో గీత గీయాలి. నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి తోసిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. కానీ ఆ అంచు ఎక్కడ? అంతా పొగమంచు. పైగా ఉన్నచోట ఉండదు.

అంచు. ఎంత బాగుంది మాట! చీరకీ అంచే, గుండెకీ అంచే. మేడంకి చెబితే, ముందు గీయండి, తర్వాత మురిసిపోదురు గాని, అన్నారు.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ స్కాన్ గదిలో శిక్షణ. రవీందర్ అన్న పద్దెనిమిదేళ్లుగా ఎకో టెక్నీషియన్. మహేశ్‌ని పడుకోబెట్టి నా చేతికి ప్రోబ్ ఇచ్చాడు. అరగంట వెతికినా పక్కటెముకలు తప్ప ఏమీ దొరకలేదు. గట్ల వత్తకు బిడ్డా, పిండి పిసుకుతున్నవా, పోరడు సస్తడు, అన్నాడు అన్న. అసలు నాకు గుండె ఉందో లేదో అదొక్కటి చెప్పు చాలు, అన్నాడు మహేశ్.

స్క్రీన్ కింది మూలన తెల్లటేప్ ముక్క ఒకటి మాసిపోయి ఉంది. మెషీన్ తుడుస్తూ పీకేశాను. అన్న ఇంతెత్తున లేచాడు. ఎవరు తియ్యమన్నరు నిన్ను, అని కొత్త ముక్క కత్తిరించి అక్కడే అంటించాడు. అంత ఖరీదైన మెషీన్‌కి ఆ అతుకేమిటో. కోపంతో అడగలేదు.

జూన్ 11, బుధవారం

రీడర్ పరీక్ష, అంటే స్కాన్లు చూసి కొలిచేవాళ్ల పరీక్ష, మొదటి భాగం. ముప్పై క్లిప్‌లు. పేషెంట్ల పేర్లు ఉండవు, అంకెలే. పాసైతే నా కొలతలు నిజమైన స్టడీలోకి వెళ్తాయి. కేన్సర్ మందు వాడేవాళ్ల గుండె బలం తగ్గుతోందా అని చూసే స్టడీ అది. తగ్గితే మందు ఆపేస్తారు. ఫెయిలైతే అక్టోబర్ దాకా డేటా ఎంట్రీ. ఈ విడతలో నేనూ మహేశూ.

వట్టి అంకెలంటే నాకు చిరాకు. అందుకే నోట్‌బుక్‌లో ఒక్కో గుండెకి ఒక్కో పేరు పెట్టుకుని, పక్కన వచ్చిన శాతం రాసుకున్నాను. ముంత. గురిగి. దొప్ప. పిడికిలి. పదిహేడోది, పాపం, కదలనే కదలదు. ఒకవైపు జారి వేలాడుతుంది. దానికి జోలె అని పెట్టాను. జోలె, ముప్పై ఒకటి. పేర్ల ధ్యాసలో పడి అన్నం తినడం మరిచిపోయాను.

జూన్ 18

ఏసీ సర్వర్ల కోసమట. మా కోసం కాదు. ముక్కు కారుతోంది.

జూన్ 25, బుధవారం

రెండో భాగం. కొత్త ముప్పై అనుకుని కూర్చున్నాను. మూడో క్లిప్ తెరిస్తే జోలె!

అంకెలు మార్చి అవే గుండెలు ఇచ్చారు. నా చేయి రెండుసార్లూ ఒకేలా గీస్తుందా అని చూస్తున్నారన్నమాట. ముందే చెప్పొచ్చు కదా.

జోలెకి గీశాను. ముప్పై ఆరు వచ్చింది. ముప్పై ఒకటి కదా? గీత కాస్త జరిపాను. ముప్పై మూడు. ఇంకాస్త జరిపాను. ముప్పై ఒకటి. తప్పు దిద్దుకుంటున్నాను, అంతే, అనుకున్నాను. ముంతకీ అలాగే. దొప్పకీ అలాగే. నోట్‌బుక్ బ్యాగులోంచి తీయలేదు. అవసరం రాలేదు.

జూన్ 27, శుక్రవారం

పాస్.

రెండు కొలతల మధ్య సగటున పది శాతం దాకా తేడా ఒప్పుకుంటారు. మహేశ్‌కి పన్నెండు. నాకు ఒకటి. మేడం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా గీస్తున్నాను, నాకే ఐదు వస్తుందండీ, అన్నారు. రీడర్ల జాబితా ఏడో తారీఖున వెళ్తుంది, అక్టోబర్ పరీక్షకి మహేశ్ గారికి మీరే నేర్పండి, అన్నారు.

అమ్మ బాచుపల్లిలో తన స్కూల్ స్టాఫ్‌రూమ్ అంతా కలాకండ్ పంచిందట. నాకెందుకో ఒళ్లు మండుతోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

జూలై 1, మంగళవారం

మేమిద్దరం ఎప్పుడూ చూడని క్లిప్ ఒకటి తెరిచి మహేశ్ నన్ను గీయమన్నాడు. నలభై ఎనిమిది వచ్చింది. అది చెరిపేసి, చాయ్ తాగొచ్చాక మళ్లీ గీయమన్నాడు. యాభై ఏడు. ఏంది టాపర్, నీ ఒక్క శాతం యాడవోయింది, బయోడైవర్సిటీ జంక్షన్ కాడ ట్రాఫిక్‌ల ఇరికిందా, అని పడీ పడీ నవ్వాడు.

నేనూ నవ్వాను. తర్వాత వెళ్లి ముఖం కడుక్కున్నాను.

జూలై 3, గురువారం, ఉదయం

స్కాన్ గదిలో కనకమ్మ అనే పెద్దావిడ. స్టడీ పేషెంట్. ఆరు నెలల తర్వాత తీసే రెండో స్కాన్. జర ఊపిరి పట్టు అవ్వా, అని రవీందర్ అన్న బొమ్మ తీసుకుంటూ మాటల్లో పడ్డాడు. ఆవిడ బుగ్గలు పూరించుకుని అలాగే ఉంది. చివరికి తనే వదిలేసి, నువ్వు ఇడవమనే దాక ఉంటే పైకే పోతుంటి కొడుకా, అంది. లేచి జాకెట్ సర్దుకుంటూ, నా మందు ఆపరు కద, అని అడిగింది. నన్నే అడిగింది. తెల్లకోటు వేసుకున్నది నేనే కదా.

ఆవిడ వెళ్లాక ఆ టేప్ ఎందుకని అన్నని అడిగాను. కొలత నంబర్ ఆ మూలనే పడుతుందట. పోయినసారి నంబర్ యాదికుంటది బిడ్డా, గిప్పటిది కండ్లవడితే చెయ్యి దాని దిక్కే ఉరుకుతది, అందుకే గీసినంక తీసి చూస్త, అన్నాడు.

జూలై 3, మధ్యాహ్నం

మేడంకి నోట్‌బుక్ ఇచ్చి అంతా చెప్పాను. ముప్పై పేర్లూ చదివారు. ఒకచోట ఆగి, గురిగి అంటే ఏంటండీ, అని అడిగారు. చిన్న మట్టికుండ, అన్నాను. అప్పుడు తిట్టడం మొదలుపెట్టారు. ఒక్క అండీ కూడా లేదు. కనకమ్మ గుండె బలం పడిపోయినా పాత అంకె వచ్చేదాకా గీత జరుపుతావా, అన్నారు.

జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. అక్టోబర్‌లో కొత్త క్లిప్‌లతో మళ్లీ రాయాలి. నోట్‌బుక్ ఆవిడ సొరుగులోకి వెళ్లింది. అమ్మకి ఇంకా చెప్పలేదు. తినేసిన కలాకండ్‌ని ఏం చేయగలం?

ఆగస్టు 12

డేటా ఎంట్రీ. డేటా ఎంట్రీ. మహేశ్ కూడా నా పక్కనే. పాటలు పాడుతున్నాడు, అదొక శిక్ష.

అక్టోబర్ 24, శుక్రవారం

పరీక్ష రెండు భాగాలూ అయ్యాయి. ముప్పై గుండెలు. ఒక్కదానికీ పేరు పెట్టలేదు. స్క్రీన్ మూలన టేప్.

తేడా ఏడు శాతం. ఇది నా చేతిది.