ముఠా అన్న మాటకు నా జవాబు

అరకు,
1926 ఫిబ్రవరి

అమ్మా,

నేను ముఠాలో చేరానన్నది కిందటి జాబులో మీరు నా మీద మోపిన నేరం. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. నమస్కారమైనా పెట్టకుండా వాదానికి దిగిందని కోప్పడకు. నీ పాదాలకు నమస్కారం. నా ఒళ్లు బాగానే ఉంది. అక్కడ అందరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అందరూ నిజం చెబుతున్నారని మాత్రం అనుకోవడం లేదు.

ఈసారి ఉత్తరాన్ని ఎప్పుడూ నీకు చదివిపెట్టే అన్నయ్య పేరున కాక, పక్కింటి అప్పలనర్సమ్మ పిన్ని పేరున పంపాను. పిన్నీ, మీరే పైకి చదవండి. అన్నయ్య ఎదురుగా కూర్చుని ఉండగానే చదవండి. కారణం చివర తెలుస్తుంది.

ముందు నీ ప్రశ్నలు. మన్యపు జ్వరం నాకు రాలేదు. మిషన్ బడి పంతులమ్మ సరళ ఇంట్లో ఉంటున్నాను. పొద్దున చోడంబలి, రాత్రి సామన్నం. సరళ ఈ కొండల బిడ్డే, క్రైస్తవురాలు. నన్ను మతంలో కలిపేస్తుందని నీకు బెంగ. కళాశాల వాదసభలో మగపిల్లలందరినీ ఓడించినదాన్ని, సరళ ప్రార్థనకే ఓడిపోతానా?

ఇక ఉద్యోగం. ఇక్కడ సర్వేశ్వరరావుగారు చిన్న అచ్చుయంత్రం పెట్టి కొండవాళ్ల కోసం పత్రిక నడుపుతున్నారు. చదవనేర్చినవారు తక్కువ గనుక ప్రతి సంచికనూ సంతలో పైకి చదివి వినిపిస్తారు. వార్తలు వ్రాస్తానని నేను వెళితే, “అమ్మాయీ, అచ్చువేయడం నా చేతిలో ఉంది, వినడం వాళ్ల చేతిలో ఉంది. సంతలో వాళ్లు నిన్ను ఒప్పుకుంటే పని ఇస్తాను” అన్నారు.

సర్కారు మీద మన్యంలో లేచిన పితూరీ అణిగి రెండేళ్లు కూడా కాలేదు. కాగితం పట్టుకున్న పల్లపు మనిషి అంటే ఇక్కడ పోలీసుల మనిషే. పసుపు అమ్మే గంగను పేరు అడిగితే నా కలం వైపు చూసి, “పేరేటికి గుంటా? రేపు ఠాణాలో సదవడానికా?” అంది.

“పసుపు ధర వ్రాయడానికి.”

“ధర రాసుకో. పేరు నా కాడే ఉంటాది.”

షావుకారు తూకంలో చేసే మోసం గురించి నేను వ్రాసినది సంతలో విన్నాక, తనంత తానే వచ్చి పేరు చెప్పింది. ఆ సంతోషంలోనే నీకు వ్రాశాను, “అరకు ముఠాలో నాకు చోటు దొరికింది” అని.

అమ్మా, ఇక్కడ ముఠా అంటే కొన్ని ఊళ్లు కలిసిన సీమ. దానికొక ముఠాదారు ఉంటాడు; సర్కారుకు శిస్తు కట్టేది అతడే. ముఠా అనగానే దొంగల గుంపు గుర్తుకు వచ్చేది మన పల్లంలోనే.

ఇంతవరకూ దాచిన మాట ఇప్పుడు చెబుతాను. పోయిన సంతలో, కొత్తగా కిందినుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు నన్ను అందరి ముందు నిలబెట్టాడు. “అరకు ముఠాలో చోటు దొరికిందని ఇంటికి రాశావట. మీ ముఠా నాయకుడెవడు?” అన్నాడు.

గంగ ఊరుకోలేదు. “ముఠాదారే బాబూ, మీకు శిస్తు కట్టీవోడే. పట్టుకెల్తారేటి?”

సంతంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు ముఖం మాడ్చుకుని పోయాడు. నవ్వు ఆగాక గంగ నా వైపు తిరిగింది.

“నువ్వింటికి రాసిన మాట ఆయన నోట్లోకి ఎలాగొచ్చింది? నువ్వే ఇచ్చుంటావు.”

అప్పటినుంచి నాతో ఎవరూ మాట్లాడడం లేదు. గంగ చెప్పింది గనుక ఎవరూ మాట్లాడరు. దీనికి జవాబు తెచ్చేదాకా పత్రికలో పని లేదని సర్వేశ్వరరావుగారు తేల్చిచెప్పారు.

తపాలావాళ్లు విప్పి చూశారంటారా? ఆ ఉత్తరం తపాలాలో రానే లేదు. సరళ సెలవులకు కొండ దిగుతూ తీసుకువచ్చి అన్నయ్య చేతిలోనే పెట్టింది. పోనీ సరళే చెప్పిందంటారా? ముఠాలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాటలో నేరం కనిపించదు. ఆ మాట చదివి అదిరిపడాలంటే పల్లంవాడై ఉండాలి. తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ ఎక్కడ ఊడిపోతుందోనన్న భయమూ ఉండాలి.

పిన్నీ, ఇక్కడ ఆగి మా కృష్ణమూర్తి అన్నయ్య ముఖం చూడండి.

అన్నయ్యా, “ముఠా అంటే ఏమిటే?” అని నన్ను ఒక్క మాట అడగలేకపోయావా? నన్ను అడిగే ముందే ఠాణాకు వెళ్లావు.

వింటున్న మీ అందరినీ నేను కోరేది ఇది. ఆ ఉత్తరం ఠాణాలో చూపినది తానేననీ, నేను కాదనీ అన్నయ్య తన చేతితో, తన పేరున పత్రికకు వ్రాయాలి. దాన్ని గంగ వినేలా సంతలో చదువుతారు. ఇంటి పరువు పోతుందని అతడు మొదలుపెడతాడు, ఒప్పుకోకండి. అమ్మా, అది వ్రాసి పిన్ని చేతికిచ్చేదాకా అతడికి విస్తరి వేయకు.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
చిన్నమ్మి