చెయ్యెత్తిన రాక్షసుడు

ఖుర్సీపార్, భిలాయి
8-3-1998

చిరంజీవి మనోజ్‌కుమార్‌కి మీ మావయ్య ధర్మారావు దీవెనలు.

నువ్వు హైదరాబాదులో క్షేమంగా ఉన్నావని సెక్టర్ 7లో, మన ఆంధ్ర సంఘంలో చెప్పుకుంటుంటే విన్నాను. మేమూ క్షేమమే. మా వీధికి కూడా పోస్టుమ్యాన్ వస్తాడని గుర్తు చేస్తున్నాను.

నిన్న బజారులో త్రినాథరావు కనబడ్డాడు. "మీ మేనల్లుడు బొమ్మల సినిమా గీస్తన్నాడట గదా. అందులో కథలు సెప్పే ముసలోడున్నాడట. నా ఫొటో అడిగి ఉత్తరం రాసినాడు. నీకు రాయలేదేటి?" అన్నాడు. రాశాడు, జవాబివ్వడానికి నాకే తీరిక లేదు అని చెప్పాను. ఇంటికొచ్చి మీ అత్తని అడిగితే ఏ ఉత్తరమూ రాలేదంది.

అతనూ నేనూ 1961లో పార్వతీపురంలో ఒకే రైలెక్కి ఇక్కడ దిగాం. అతను ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు, నేను ఫిట్టర్‌గా. దానికి నేను బాధపడలేదు. ఆంధ్ర సంఘానికి అతను కార్యదర్శి. దానికీ బాధపడలేదు. కానీ కథలు చెప్పేది నేను. ముప్ఫై ఏళ్ళు, సెకండ్ షిఫ్టుకి బయల్దేరే ముందు మా గేటు పక్క సిమెంటు గట్టు మీద కూర్చుని వీధి పిల్లలకి చెప్పాను. ఒంటిగంటన్నరకి స్టీలు ప్లాంటు సైరన్ మోగితే సైకిలెక్కేవాణ్ణి. రిటైరై నాలుగేళ్ళయినా ఆదివారం అదే వేళకి చెబుతున్నాను. సైరన్ మోగితే ఇప్పటికీ కాళ్ళు ఆగవు, లేచి పాన్ కొట్టు దాకా పోతాను. నువ్వు ఆ గట్టు దగ్గర పెరిగినవాడివే. త్రినాథరావు నీకు ఏ కథ చెప్పాడు? హార్మోనియం ముందు పెట్టుకుని దగ్గుతాడు, అంతేగా.

సినిమాలో ముసలివాడు నేనా, అతనా? ఒక్క మాటలో రాయి.

ఇట్లు,
ధర్మారావు

తా.క. ఇది అత్త రాస్తున్నాను. ఈ ఇన్‌లాండ్ ఉత్తరాల జిగురు పట్టదు, అన్నం మెతుకులు పెట్టి అంటించే పని నాది. తీరిక లేదన్న మనిషి మూడు ఇన్‌లాండ్లు చింపేసి ఇది నాలుగోది రాసినారు.

---

హైదరాబాదు
16-3-1998

పూజ్యులైన మావయ్యకి మనోజ్ నమస్కారాలు.

నేను హిందీ మీడియం వాణ్ణని మీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

త్రినాథరావు గారి ఫొటో నేను అడగలేదు. ప్లాంటు గేటు దగ్గర వందల సైకిళ్ళు బయటికొచ్చే పాత ఫొటోలు సంఘం దగ్గరుంటే పంపమన్నాను. ఆయన శాలువా కప్పుకున్న తన ఫొటో పంపారు.

సినిమాలో ముసలాయన మీరే. సైకిలు, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ, హెల్మెట్. ఆయన పిల్లలకి కథ చెబుతుంటాడు. రాక్షసుడు గద ఎత్తుతాడు. సైరన్ మోగుతుంది. ముసలాయన డ్యూటీకి వెళ్ళిపోతాడు. మర్నాడు కొత్త కథ మొదలుపెడతాడు. పాత రాక్షసుడు ఎత్తిన చెయ్యి దించకుండా ఇరవై ఏళ్ళు అలాగే నిలబడి ఉంటాడు. చంకలో కాకి గూడు పెడుతుంది. కోటలో బందీ అయిన రాజకుమారి కోసం ఎవరూ రారు. ఆమె విసిగిపోయి కిటికీలోంచి తాడుకి బుట్ట కట్టి ఇడ్లీలు అమ్ముకుంటుంది. ఏడుగురు రాజకుమారుల్లో ఎప్పుడూ ఏడోవాడే గెలుస్తాడు కదా. పెద్దవాళ్ళు ఆరుగురూ యూనియన్ పెట్టి కోట గేటు ముందు ధర్నా చేస్తారు. ఏడు సముద్రాల అవతల రాక్షసుడి ప్రాణం కాపలా కాసే చిలక సెలవడుగుతుంది, ఇచ్చేవాడుండడు. చివరికి అందరూ కలిసి ఊరేగింపుగా సైకిల్ ముసలాయన కోసం బయల్దేరతారు, మా కథ పూర్తి చెయ్యమని.

మా ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు. మీరూ నవ్వుతారని ఆశ.

మీ మనోజ్

తా.క. కారప్పొడి డబ్బా, అందులో కాగితాలు అందాయని అత్తతో చెప్పండి. మీసం ఎలా గీయాలో ఇంకా తేల్చలేదు. మీ ఇష్టం రాయండి.

---

ఖుర్సీపార్
24-3-1998

మనోజ్‌కుమార్‌కి,

దీవెనలు మీ అత్త పెడుతుంది. నాకు మనసు లేదు.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ పాన్ కొట్టు దగ్గర ఇచ్చాడు. అక్కడ పదిమంది ఉన్నారు. 'ముసలాయన మీరే' అన్న ముక్క కనబడగానే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ముందు నేను ఒక్కణ్ణీ చదువుకుని తర్వాత చదవాల్సింది. చంకలో కాకి గూడు దాకా వచ్చాక ఆపుదామనుకున్నాను, వాళ్ళు ఆపనివ్వలేదు. ఇప్పుడు వీధిలో నన్ను చూసినవాడల్లా కుడి చెయ్యి పైకెత్తి నిలబడుతున్నాడు. పాలవాడు కూడా.

ఏడోవాడు గెలవడం కథ ధర్మం. పెద్దవాడే గెలిస్తే కథ ఒక్క పూటలో అయిపోతుంది, మిగతా ఆరుగురూ ఎందుకు? అది నీకు తెలియక యూనియన్ పెట్టించావు.

నేను కథ పూర్తి చెయ్యలేదంటావా? ముప్ఫై ఏళ్ళలో ఒక్క పిల్లవాడైనా మర్నాడొచ్చి "ఫిర్ క్యా హువా, దాదాజీ?" అని, తర్వాతేమైందని అడిగాడా? అడగలేదు. అడగలేదంటే వాళ్ళకి తృప్తిగానే ఉందన్నమాట.

నన్ను ఆ సినిమాలోంచి తీసెయ్యి. తియ్యడం కుదరకపోతే ఆ ముసలాడికి త్రినాథరావు మీసం పెట్టు. దున్నపోతు కొమ్ముల్లాంటిది, రంగేసుకున్నది. నలుగురూ నవ్వేది అతన్ని చూసి నవ్వనీ. శాలువా ఫొటో ఎలాగూ నీ దగ్గరుంది.

ధర్మారావు

తా.క. కాగితాలు అందినందుకు సంతోషం బాబూ. మీసం విషయం తొందరపడకు. ఈయన వద్దన్నది రేపు కావాలంటారు. పెళ్ళిచూపుల్లో నన్నూ ముందు వద్దనే అన్నారు.

---

హైదరాబాదు
2-9-1998

మావయ్యకి, అత్తకి నమస్కారాలు.

మావయ్యా, మీరు చెప్పినట్టే మార్చాం. సెకనుకి పన్నెండు బొమ్మలు గీయాలి. ముసలాయన పదకొండు నిమిషాలు కనబడతాడు. లెక్కేస్తే దాదాపు ఎనిమిది వేల మీసాలు. సుభాష్ అనే అతను మా దగ్గర నాలుగు నెలలు వేరే పనేమీ లేకుండా అవే గీశాడు. ఆఖరి రోజు ఇంటికెళ్ళి తన సొంత మీసం తీసేసుకున్నాడు.

సినిమా పూర్తయింది. మీ ఇంట్లో వీసీఆర్ లేదు కనక క్యాసెట్ సంఘం చిరునామాకి పంపాను. హాల్లో వేస్తారు. మావయ్యా, ఒక్క మాట. దయచేసి చివరిదాకా చూడండి.

మీ మనోజ్

తా.క. సైకిలు మాత్రం మార్చలేదు. అది మీదే. చైన్ కవర్ మీద సొట్ట కూడా గీశాం.

---

ఖుర్సీపార్
12-10-1998

చిరంజీవి మనోజ్‌కుమార్‌కి ఆశీస్సులు. ఈసారి నావే.

క్యాసెట్ కార్యదర్శి చేతికే వెళ్ళింది. కార్యదర్శి ఎవరో నీకు తెలుసు. నిన్న ఆదివారం హాల్లో వేశారు. రెండొందల మంది వచ్చారు.

ముసలాయన సైకిల్ మీద కనబడగానే హాలంతా ఒక్కసారి "త్రినాథరావు" అని అరిచింది. అతను లేచి నాలుగు వైపులా నమస్కారం పెట్టాడు. జనం నవ్వారు. కానీ నేననుకున్న నవ్వు కాదది. ఇష్టంగా నవ్వారు. రాక్షసుడి చంకలో కాకి పిల్లలు నోళ్ళు తెరిచినప్పుడు వెనకాల కూర్చున్న ఆడవాళ్ళు కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఊరేగింపు మొదలయ్యేసరికి ఎవరో టేపు ఆపించి అతనికి ఇంకో శాలువా కప్పారు. అతను మైకు తీసుకుని, తాను కథలు చెబుతుంటే పిల్లలు అన్నాలు మానేసి వినేవారని చెప్పాడు. ఆ పిల్లలెవరో నాకు తెలియదు. అంతలో సైరన్ మోగింది. నేను లేచి వచ్చేశాను. తర్వాత టేపు మళ్ళీ వెయ్యకుండానే భోజనాలు పెట్టేశారట.

ఈ ఉదయం సైకిల్ తీసుకుని సంఘానికి వెళ్ళాను. చైన్ కవర్ మీద సొట్ట చూపించి ఇది నాదీ, సినిమాలోదీ ఒకటే అన్నాను. అక్కడున్న కుర్రాడు వంగి చూసి, "ఔను బాబాయ్, సైకిల్ నీదే. ఆయనకెందుకు ఇచ్చినావు?" అన్నాడు.

వచ్చే ఆదివారం నుంచి అతను సెక్టర్ 7లో కథలు చెబుతాడట. మా వీధి పిల్లలు ఇప్పటినుంచే ఆటో మాట్లాడుకుంటున్నారు. నా గట్టు దగ్గరికి ఎవరొస్తారో చూడాలి. ఉద్యోగంలో అతను ముందున్నాడు, సరే. నాకున్నది ఈ గట్టు ఒక్కటే.

ఆ మీసం తీసెయ్యి. నా మొహం పెట్టు. రాక్షసుడి చంకలో కాకి గూడు ఉన్నా ఫర్వాలేదు. కావాలంటే నా చంకలో కూడా పెట్టుకో.

ధర్మారావు

తా.క. హాల్లోంచి మధ్యలో వచ్చేసినందుకు నేనేమీ అనలేదు. ఈయన చూడకుండా వచ్చేసిన ముగింపులు ఇంతకుముందూ చాలా ఉన్నాయి.

---

హైదరాబాదు
20-10-1998

మావయ్యకి మనోజ్ నమస్కారాలు.

ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మీది. రెండోది త్రినాథరావు గారిది. సినిమాలో తనకి సొట్ట సైకిల్ ఇచ్చి అవమానించానట. స్కూటర్ గీయమన్నారు.

మావయ్యా, ఆ సినిమా మీ ఇద్దరి గురించీ కాదు. ఆఖరి పావుగంట మీరు చూడలేదు, ఆయనా చూడలేదు. హాల్లో ఎవరూ చూడలేదు. అందుకని రాస్తున్నాను.

ఊరేగింపు ముసలాయన్ని ప్లాంటు గేటు దగ్గర అందుకోబోతుంది. సైరన్ మోగుతుంది. ఆయన లోపలికి వెళ్ళిపోతాడు. గేటు మూసేస్తారు. వాళ్ళు ఏం చెయ్యాలో తోచక ఆయన ఇంటికి వచ్చి గట్టు మీద కూలబడతారు. అప్పుడు వంటింట్లోంచి ఒకావిడ చాటలో బియ్యం చెరుగుతూ వస్తుంది. రాక్షసుణ్ణి చూసి, "ఏటి బాబూ, ఇన్నేళ్ళనుంచీ సెయ్యెత్తే ఉన్నావా? దించు. నొప్పెట్టదా?" అంటుంది. రాక్షసుడు చెయ్యి దించి ఏడుస్తాడు. ఆరుగురు రాజకుమారులకీ ఆవిడ తలొక పేరు పెడుతుంది. అంతవరకూ వాళ్ళకి పేర్లే లేవు. చిలకని ఇంటికి పొమ్మంటుంది. రాజకుమారి దిగొచ్చి రుబ్బురోలు దగ్గర కూర్చుంటుంది. చాటలో బియ్యం అయిపోయేసరికి అందరి కథలూ అయిపోతాయి.

మావయ్యా, మీరు సైకిలెక్కి వెళ్ళాక మేము ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం కాదు. మీ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అందుకే మర్నాడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. కారప్పొడి డబ్బాలో వచ్చిన కాగితాలు అవే. మీరు వదిలేసిన నలభై ఒక్క కథల ముగింపులు. వాటిలో ఏముందో మీకు చెప్పవద్దని అత్తే అంది.

సినిమా చివర అక్షరాలు పడతాయి. 'కథలు మొదలుపెట్టినవారు ధర్మారావు. పూర్తి చేసినవారు తులసమ్మ. ఖుర్సీపార్, భిలాయి.'

మీ మనోజ్

తా.క. మీసం మళ్ళీ మార్చడం కుదరదు. సుభాష్‌ని వేరే సినిమాకి వేశారు. పిల్లి కథ. వెళ్ళి చూస్తే దానికీ మీసాలున్నాయి.

---

ఖుర్సీపార్
9-11-1998

చిరంజీవి మనోజ్‌కి అత్త తులసమ్మ దీవెనలు.

మీ మావయ్య రాయనన్నారు. అందుకని ఉత్తరం నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి ఈయన సంఘానికి వెళ్ళి క్యాసెట్‌లో ఆఖరి పావుగంట వేయించుకుని చూసినారు. మూడుసార్లు. మూడో రోజు అన్నానికి కూర్చుని, "ముప్ఫై ఏళ్ళు నా రాక్షసుల్ని దాసినావు" అన్నారు. "మీరు నిలబెట్టేసి ఎల్లిపోతే నాను కూకోబెట్టినాను. దాయడమేటి?" అన్నాను. మజ్జిగ పోసుకుని లేచిపోయినారు.

సెక్టర్ 7కి వెళ్ళిన పిల్లలు తిరిగొచ్చేసినారు. అక్కడ కథ సగంలో దగ్గు వస్తోందట. మొన్న ఆదివారం ఈయన గట్టు మీద ఎప్పట్లాగే కథ మొదలెట్టినారు. సైరన్ మోగింది. పిల్లలు లేచి వంటింటి వైపు వచ్చినారు. ఈయన పాన్ కొట్టుకి వెళ్ళలేదు. పిల్లల వెనకాల వచ్చి గుమ్మం పక్కన పీట వేసుకున్నారు. నేను చూడనట్టు బియ్యం చెరుక్కున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. కారప్పొడి మళ్ళీ పంపుతాను. అందులో కాగితాలుండవు, చెప్పాల్సినవి అయిపోయినాయి.

ఇట్లు,
అత్త

తా.క. ఇది మావయ్య రాస్తున్నాను. ఉత్తరం అంటించే పని ఈసారి నాకిచ్చింది. మెతుకులు ఎక్కువ పడ్డాయి, చించేటప్పుడు చూసుకో. 1974లో నేను ఒక చిన్న రాజకుమారుణ్ణి తాటిచెట్టు ఎక్కించి, కింద పులిని పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాను. ఏమయ్యాడని నిన్న మీ అత్తని అడిగాను. పులి రెండు కాళ్ళ మీద లేచిందని చెబుతుండగా సైరన్ మోగింది. చాట చంకలో పెట్టుకుని లేచిపోయింది. నీ దగ్గర కాగితం ఉంది కదా. వెంటనే రాయి. త్రినాథరావుకి మాత్రం రాయకు.