నది దాటే క్రిస్టఫర్: రాగి కాదు, చెక్క

లండన్ పక్క క్రోయిడన్ కాపురస్తుణ్ణి, కౌన్సిల్ ఆఫీసులో రిటైరైన కొడాలి పార్థసారథిని, డెబ్బై రెండో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. బీపీ ఉంది గానీ మతి సరిగానే ఉందని మా జీపీ డాక్టరు గారు కాగితం ఇచ్చారు. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా భార్య నాగేశ్వరికి. హీటింగ్ మీద సర్వాధికారాలూ ఆమెకే. చలేస్తోందన్నప్పుడల్లా స్వెట్టర్ వేసుకోమన్నందుకు చింతిస్తున్నాను.

2. నా భూతద్దం కూతురు మానసకి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా తనదే.

3. హాల్లో ఫ్రేము కట్టి ఉన్న, కాగితం మీది అచ్చుబొమ్మ సంగతి. కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్‌లో కొన్నాను. సుమారు ఐదొందల ఏళ్ల నాటిది. బాలయేసుని భుజాన మోస్తూ నది దాటుతున్న సెయింట్ క్రిస్టఫర్. నాగేశ్వరి వసుదేవుడనుకుని రెండేళ్లు హారతి ఇచ్చింది. నిజం చెప్పాక కూడా మానలేదు. "ఎవరి పిల్లాడైతేనేం, నీళ్లలో వదిలెయ్యలేదుగా" అంది.

4. ఇది రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అద్దిన బొమ్మ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. నా బావమరిది శేషగిరిది పెడన, కలంకారీ అచ్చులు చెక్కే ఇల్లు. ఒకనాడు భోజనాల దగ్గర దాన్ని చూసి, "బావగారూ, ఇది చెక్క అచ్చు. గీత చుట్టూ చెక్క తీసేసి, మిగిలిన గీతకి సిరా పూశారు. నీటి గీతల్లో ఆ తెల్లచుక్కలు చెక్కని పురుగు తొలిచిన చోట్లు" అన్నాడు. నీటి బుడగలన్నాను. ఊరుకోక, "చీరల మీద అద్దే చెక్కలు చూసినవాడివి, నీకేం తెలుసు" అనేశాను. విస్తరి ముందు నుంచి లేచి వాట్‌ఫర్డ్‌లో తన ఇంటికి వెళ్లిపోయాడు. పదకొండేళ్లు మా గడప తొక్కలేదు.

5. నాలుగేళ్ల కిందట మానస ఆ బొమ్మని కేంబ్రిడ్జ్‌లో ఒక నిపుణురాలికి చూపించింది. రాగి అయితే సిరా కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తుందట. ఇక్కడ గీతలు కాగితంలోకి దిగాయి, కనక చెక్కే, అందావిడ. పురుగు సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఆ రిపోర్టు బాయిలర్ గ్యారంటీ కాగితాల్లో దాచాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: శేషగిరి గెలిచాడు, నేను ఓడిపోయాను. బొమ్మ అతనికే.

6. (సంతకానికి ముందు, లాయరు సొలిసిటర్ గారి ఎదుట చేత్తో రాసింది.) సాక్షిగా రమ్మంటే శేషగిరి వచ్చాడు. అంతా రెండుసార్లు చదివాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఇక్కడి చట్టం ప్రకారం ఆ వీలునామాలో రాసినదేదీ దక్కదని సొలిసిటర్ గారు అడ్డుపడ్డారు. ఇంకో సాక్షిని పిలుస్తానన్నాను. "వద్దు బావగారూ. బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. ఓడిపోయానని మీరు రాసిన కాగితం మీద సాక్షి సంతకం పెట్టే అవకాశం మళ్లీ దొరుకుతుందా?" అంటూ పెన్ను మూత తీశాడు. కాబట్టి బొమ్మ మానసకి. "ఓడిపోయాను" అన్న మాట కింద గీత కొట్టమన్నాడు. కొట్టాను.

క్రోయిడన్, 14 మార్చి 2025

(సం.) కొడాలి పార్థసారథి

మేమిద్దరం చూస్తుండగా సంతకం చేశారు:
సాక్షి 1: పై ఫ్లాట్ సుబ్బరాజు
సాక్షి 2: శేషగిరి, పెడన వాస్తవ్యుడు, ప్రస్తుతం వాట్‌ఫర్డ్ (సంతోషంగా)