మేక లాగిన ఊచ, ఎర్రబడిన నా చేను

గెడ్డ పరీవాహక ప్రాంతపు నేల సర్వే అధికారి గారి సముఖమునకు, సీకాయిపుట్టు గ్రామస్తుడు కిల్లో భీముడు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: కంప్యూటర్ మ్యాపులో నా చేనుకు వేసిన ఎర్ర రంగు తీసివేయుట గురించి, మరియు ఒక మేక గురించి.

1. నిరుడు తొలకరికి ముందు తమ సిబ్బంది మోహన్‌కృష్ణ బాబు నా వాలు చేను అంచున ఒక ఇనుప ఊచ దిగగొట్టినారు. నాలుగు వేళ్లంత పైకి ఉంచినారు. వానకు మట్టి పోయినకొద్దీ ఊచ బయటపడునని, ఆ కొలతను పైనుంచి తీసిన ఫోటోతో చేసిన మ్యాపులో వేసెదరని, ఊచను ఎవరూ ముట్టరాదని చెప్పినారు. నేను ముట్టలేదు. మేకకు చెప్పలేదు.

2. మా ఇంటిది రాజులమ్మ దానికి మేకను కట్టినది. అంత మంచి ఊచ మా ఊరిలో మరొకటి లేదు. వానకు నేల మెత్తబడినది, మేక లాగినది, ఊచ రోజుకింత పైకి వచ్చినది. చూచితిని. ముట్టరాదన్నారు కనుక తిరిగి దిగగొట్టలేదు.

3. వానలు వెళ్లాక బాబు వచ్చి కొలిచినాడు. జానెడు దాటినది. "ఒక్క ఏడాదిలో ఇంత మట్టి పోయిందా తాతా!" అని సంబరపడి ఫోనులో ఎక్కించుకున్నాడు. వెనక నుంచి రాజులమ్మ, "నోట్లో ఏటి ఎట్టుకున్నావు? మేక పీకీసిందని సెప్పు" అని నన్ను పొడిచినది. బాబు ముఖంలో వెలుగు చూసి నాకు నోరు రాలేదు. అది నా తప్పే.

4. ఇప్పుడు మ్యాపులో గెడ్డ పొడవునా నా చేను ఒక్కటే ఎర్రన. "నేల కోత తీవ్రం, ఈ ఏడు విత్తరాదు" అని నోటీసు వచ్చినది. మా తాత పేర్చిన రాతి గట్లు అలాగే ఉన్నవి, వాటి వెనక నిలిచిన మట్టి మోకాలి లోతు. మాకు ఎగువన టూరిస్టుల కార్ల కోసం కొండను చెక్కి చదును చేసిన చోటు నుంచి ఎర్ర నీళ్లు గెడ్డలోకి దిగుచున్నవి. అది మ్యాపులో పచ్చన. అక్కడ గడ్డి పరిచినారు. మేకను రానివ్వరు.

కావున తమరు స్వయముగా వచ్చి, గట్లు చూచి, మేకను విచారించి, నోటీసు రద్దు చేయవలెను. చైత్ర పండుగలో పూజ చేసిన చోడి (రాగి) విత్తనం బుట్టలోనే ఉన్నది. ఈ చేను తప్ప మాకు తిండి లేదు. వాన రాక ముందే బేగి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఊచను ముట్టనివాడు,
కిల్లో భీముడు

మరొక మాట: అర్జీ ముగించేసరికి చినుకులు మొదలయ్యాయి. రాజులమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, "ఆఫీసరు వచ్చేదాకా వాన ఆగతాదేటి? నడు" అంటోంది. వెళ్తున్నాను. చల్లేస్తాను. భాద్రపదంలో పైనుంచి ఇంకొక ఫోటో తీయండి. రంగు తమరు మార్చనక్కరలేదు.