మా అమ్మగారి లాటిన్ పూజ

అయ్యా,

మహా ఘనత వహించిన బిషప్ గారి సముఖమునకు, చర్చి వెనుక వీధిలో దర్జీ పని చేసుకొని బ్రతుకు విశ్వాసి చేసుకొను విన్నపము.

విషయం: మా అమ్మగారి అంత్యక్రియల పూజ పాత పద్ధతిలో, లాటిన్‌లో జరిపించుటకు అనుమతి కోరుట గురించి. (అమ్మగారు ప్రస్తుతము బ్రతికియే యున్నారు.)

1. మా అమ్మగారు మంచము పట్టి యున్నారు. డాక్టరుగారు ఆశ వదులుకొనిరి. ఆమె మాత్రము, లాటిన్ పూజకు మాట ఇచ్చేదాకా పోయేది లేదని భీష్మించుకొని కూర్చున్నారు.

2. మా ఫాదర్ గారు, చిన్న వయసువారు, స్వయముగా వచ్చి, "అమ్మా, పాత పూజకి పోపుగారు కట్టడి పెట్టారు. బిషప్ గారు ఒప్పుకోకుండా నేను ఆ పూజ చెప్పకూడదు" అని నచ్చజెప్పిరి. అందుకు అమ్మగారు, "ఏ పోపుగారు నాయనా? నేను పుట్టాక ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు! నేనింకా ఇక్కడే ఉన్నా" అని సెలవిచ్చిరి. ఫాదర్ గారు టీ సగములో వదిలి లేచిరి.

3. ఆమె పోపుగారిని ధిక్కరించువారు కారు. వారి పటము మంచము పక్కనే యున్నది. కాకపోతే ప్రస్తుతము గోడవైపు తిరిగి యున్నది.

4. మన భాషలో అయితే అందరికీ అర్థమగును గదా అని నేనంటిని. "అదేరా నా బాధ! ఈ భాషలో కోడలిని తిడతాను, కూరలు బేరమాడతాను. దేవుడి దగ్గరా ఇదే నోరా?" అనిరి. తలుపు చాటునుండి నా భార్య, "తిడతానని ఒప్పుకున్నారు, విన్నారుగా!" అని కేక వేసెను. తదుపరి జరిగిన రగడ ఈ అర్జీకి సంబంధించినది కాదు.

5. పైగా, "నాకూ మీ నాన్నకూ పెళ్లి చేసింది లాటిన్‌లోనే. అది ఇప్పుడు కూడదంటే, నువ్వెవరివైనట్టురా?" అని నిలదీసిరి. తల నెరిసిన వయసులో నాకీ సందేహము అవసరమా, తమరే చెప్పవలెను.

6. అయ్యా, ఈ కట్టడి లేని రోజులలో మా నాన్నగారిని ఆ పూజతోనే సాగనంపినాము. అంతసేపూ అమ్మ నా చెయ్యి వదలలేదు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు మాత్రం ఆగింది.

కావున పోపుగారి ఆజ్ఞకు గాని, మా అమ్మగారి పంతమునకు గాని భంగము కలుగని సందు ఏదైనను వెదకి, అనుమతి దయచేయుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చర్చి వెనుక వీధి దర్జీ

తా.క.: ఇది కవరులో పెడుతుంటే ఫాదర్ గారు మళ్లీ వచ్చి, అమ్మకు చదివి వినిపించారు. అమ్మ లేచి కూర్చుని, "చచ్చాక పాడితే నాకేం వినపడుతుంది? బతికుండగానే చెప్పించండి" అంది. ఫాదర్ గారు తెల్లబోయి, "అదీ నిజమే. అనుమతి రానివ్వండమ్మా, నేర్చుకుని చెబుతా" అన్నారు. కాబట్టి మాకిప్పుడు కావలసింది అంత్యక్రియల పూజ కాదు, లాటిన్‌లో మామూలు ఆదివారం పూజ. ఆ రోజుకని కొత్త బట్టలకు కొలతలు తీయమంది. రెండో చెయ్యి కొలిచేలోపే అలిసి నిద్రపోయింది. త్వరగా పంపండయ్యా.