చేతి మీద నీళ్ళు

మహబూబ్‌నగర్,
మంగళవారం

శ్రీలతక్కా,

ఈ ఉత్తరం అంజయ్య చేతికిచ్చి పంపుతున్నాను. అతనూ నాతోపాటే శిక్షణలో ఉన్నాడు, జడ్చర్ల నుంచి రోజూ వచ్చి పోతాడు. నీకు ఫోన్ చేద్దామని నిన్నటి నుంచి ఎన్నిసార్లో నీ పేరు దాకా పోయి ఆగిపోయాను. నీ గొంతు వినగానే "మంచిగున్న అక్కా, ఆఫీసుల ఉన్న" అని అలవాటైపోయిన అబద్ధమే మళ్ళీ నోట్లోంచి వస్తుంది. కాగితం మీద అబద్ధం రాయడానికి చెయ్యి రాదేమోనని ఆశ.

నిన్న పొద్దున మీ ఇంటి ముందు కుక్కను పట్టబోయి కరిపించుకున్నవాణ్ణి నేనే. ముఖానికి గుడ్డ కట్టుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఉన్నాను. నువ్వు చెంబుతో నీళ్ళు పోసింది నా చేతి మీదే అక్కా.

మున్సిపాలిటీలో ఉద్యోగం వచ్చిన మాట నిజమే. కానీ కుర్చీలో కూర్చునే పని కాదు, వీధికుక్కలను పట్టే పని. ఆ సంగతి బాపుకు చెప్పలేకపోయాను. మగ్గం ఆగిపోయినప్పటి నుంచి కొత్తకోటలో ఆయన గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది నా డిగ్రీ ఒక్కటే. కొడుకుకు ఏం కొలువు దొరికిందని ఎవరో అడిగితే "మున్సిపల్ ఆఫీసుల" అని ఆయనే చెప్పాడు. నేను పక్కనే ఉండి ఊకొట్టాను. నువ్వు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి మీ అత్తగారి ముందు నన్ను ఆఫీసరును చేశావు. అప్పుడూ ఊరుకున్నాను.

శిక్షణ ఇక్కడి పశువుల దవాఖానలో జరుగుతోంది. నేర్పేది సమీరా డాక్టరమ్మ. వెనకటిలా ఇనుప పటకారుతో మెడ పట్టి ఈడ్చడం, కర్రతో కొట్టడం ఇప్పుడు లేవు. చెవులూ తోకా చూసి కుక్క ఎంత భయపడుతోందో తెలుసుకోవాలి, దాని కళ్ళలోకి గుచ్చి చూడకూడదు, పక్క నుంచి నెమ్మదిగా పోయి వల వేయాలి. తెచ్చిన కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చి లేవకుండా సూదివేసి, ఏ వీధిలో పట్టామో ఆ వీధిలోనే వదలాలి. "వల మూతి బిగించేదాంక కన్ను తిప్పొద్దు," అని ఆమె రోజూ చెబుతుంది. వల నా చేతికి బాగా కుదిరింది. అందరికంటే ముందు నన్నే పిలిచి చేసి చూపించమంటుంది. ఆ మెచ్చుకోలుకు లోపల సంతోషంగానే ఉంటుంది. ఈ సంతోషం ఇంట్లో ఎవరితో చెప్పుకోగలనని ఆ వెంటనే సిగ్గేస్తుంది.

నిన్న వీధుల్లో పట్టించడానికి మమ్మల్ని జడ్చర్ల తీసుకొచ్చారు. బండి మీ వీధిలోకి తిరిగేదాకా నాకు తెలియదు. కడుపులో నొప్పని బండిలోనే కూర్చుందామనుకున్నాను. అప్పటికే డాక్టరమ్మ వల నా చేతిలో పెట్టింది. మీ గడప పక్కన పడుకున్న ఎర్ర కుక్క మీద వల సరిగ్గానే పడింది. అప్పుడే మీ తలుపు తెరుచుకుంది, నువ్వు కనబడ్డావు. నా కన్ను నీవైపు తిరిగింది, వల మూతి వదులుగా ఉండిపోయింది. అది తల బయటికి పెట్టి నా ముంజేతిని పట్టేసింది. దాని తప్పేం లేదు.

కుక్క కరిస్తే సబ్బు పెట్టి పావుగంట సేపు ధారగా నీళ్ళు పోస్తూ కడగాలి. అంజయ్య నీ దగ్గరికే వచ్చాడు. "అక్కా, జర నీళ్లు పొయ్యరాదు, మావోణ్ణి కుక్క కరిసింది," అన్నాడు. నువ్వు చెంబు తెచ్చావు. నీ వెనక నుంచి మీ అత్తగారు, "దూరంగ నిలవడి పొయ్యి. చెంబు తగలనియ్యకు. మల్ల దాన్ని లోపలికి తేకు," అన్నారు. నువ్వు దూరంగా నిలబడే పోశావు. "మంటైతాందా?" అని అడిగావు. నేను తల అడ్డంగా ఊపాను.

ఒక్కసారి అక్కా అంటే అయిపోయేది. ఆ ఇంట్లో నీ తల వంగుతుందనే అనలేదని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. అది కాదక్కా. నా తల గురించే నా భయం. పరాయివాణ్ణని నిన్ను నమ్మించడానికి నా గొంతు కూడా వినపడనివ్వలేదు.

శుక్రవారంతో శిక్షణ అయిపోతుంది. ఆ రోజే మానేస్తానని రాసిచ్చి ఏదైనా కంపెనీలో పని చూసుకుంటాను. బాపుకు మాత్రం ఏమీ చెప్పకు.

నీ ముందు ముఖం చూపించలేకపోయిన తమ్ముడు,
పరమేశ్వర్


పశువుల దవాఖాన, మహబూబ్‌నగర్,
గురువారం మధ్యాహ్నం

తమ్మీ,

నీ ఉత్తరం నిన్న అందింది. అందులో ఒక్క సంగతి తప్పు రాశావు. నేను నిన్ను పోల్చుకోలేదనుకున్నావు. నువ్వు బండి దిగుతుంటే కిటికీలోంచి చూసి అప్పుడే పోల్చుకున్నాను. వేలు పట్టుకుని బడికి తీసుకుపోయినదాన్ని, నీ నడక నాకు తెలియదా? తలుపు తీసింది నిన్ను పిలుద్దామనే. వెనకాలే శారదమ్మత్తమ్మ వచ్చి నిలబడేసరికి పిలవకుండానే ఆగిపోయాను. చెంబెడు చెంబెడు పోస్తూ, ఈ చెంబుకైనా వీడు తలెత్తుతాడా అని చూశాను. నువ్వు ఎత్తకపోవడమే మేలనిపించింది. అలా అనిపించినందుకే నాకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

అంతటితో ఆగలేదు. మీ బండి పోయాక అత్తమ్మ అడిగింది: "ఎవరే గా పిల్లగాడు? నీకు ఎరుకున్నోని లెక్క జూస్తున్నవ్."

"ఎవడో, నాకేం ఎరుక," అన్నాను.

నువ్వు నోరు మూసుకున్నావు, అంతే కదా. నేను నోరు తెరిచి కాదన్నాను. చెంబును లోపలికి తేవద్దని ఆమె రెండోసారి చెప్పకముందే పెరట్లో బోర్లించి వచ్చాను. పెళ్ళైన నాటి నుంచి ఆ ఇంట్లో మంచిదాన్ననిపించుకోవడానికి చిన్న చిన్న అబద్ధాలు చాలానే ఆడాను. తోడబుట్టినవాణ్ణి కాదనడం ఇదే మొదలు.

నీ ఉత్తరం చదివాక అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. "మొన్న కుక్క కరిసిన పిల్లగాడు నా తమ్ముడే. ఆని నౌకరే గది," అన్నాను. మీ బావ తినడం ఆపి, "దుకాణంల మాత్రం గీ ముచ్చట తియ్యకు," అన్నాడు. ఆయన అంతే, రేపటికి మారతాడని నీకు మాటివ్వను. అత్తమ్మ కంచం తీసుకుని పెరట్లోకి పోయింది. పొద్దున నేను చెప్పులు తొడుక్కుంటుంటే మాత్రం బయటికి వచ్చింది.

"సూది ఏయించుకున్నడా?"

"ఎరుకలేదు అత్తమ్మా."

"గదన్న అడగకపోతివి," అని విసుక్కుని లోపలికి పోయింది.

ఇక్కడికి వస్తే నువ్వు పెద్ద దవాఖానకు ఆ సూదికే పోయావన్నారు. వరండాలో మీవాళ్ళంతా వలలు కడుగుతున్నారు. ఎద్దును పట్టుకుని ఒకాయన, మేకతో ఒక ముసలామె కూర్చున్నారు. మీ డాక్టరమ్మ వచ్చి ఎవరి కోసం వచ్చారమ్మా అని అడిగింది. పరమేశ్వర్ అక్కనన్నాను. ఏ పరమేశ్వర్ అంది. మీలో ఇద్దరున్నారట.

"కుక్కలు పట్టేటప్పుడు చెయ్యి కరిపిచ్చుకున్నడు చూడుండ్రి, ఆని అక్కను," అన్నాను.

అంత గట్టిగా అంటాననుకోలేదు. అందరూ ఇటే చూశారు. సిగ్గు పోయిందని చెప్పను తమ్మీ, చెవులు కాలిపోయాయి. కానీ అన్నమాట అన్నాను.

పని మానడం నీ ఇష్టం. పని నచ్చకపోతే మాను. నా కోసమని మానావంటే మాత్రం, నేను అత్తమ్మతో అన్న ఆ మాటే నిజమైపోతుంది. నువ్వు నాకు ఎవడో అయిపోతావు.

బాపుకు నేను చెప్పను, నువ్వే చెప్పు. ఆదివారం ఇద్దరం కొత్తకోట పోదాం. నువ్వు చెబుతుంటే పక్కన కూర్చుంటాను. ఆయన తిడితే ఇద్దరం కలిసే పడదాం. ఆఫీసరన్నది నేనే కదా, నాకూ రావాలి కొన్ని.

నువ్వు ఎదురుగా వస్తే నాకు ఏడుపు తప్ప మాట రాదని అంజయ్యను కాగితం అడిగి ఇది రాస్తున్నాను. అతనే నీకిస్తాడు. చదివాక గేటు దగ్గరికి రా. వేపచెట్టు కింది బెంచీ మీద ఉన్నాను. ఎంత ఆలస్యమైనా నీతో మాట్లాడకుండా బస్సెక్కను.

నీ అక్క,
శ్రీలత